నలభై ఒకటో నెంబరు అభిప్రాయం

ఖాదర్ మామ పోయిన సంగతి ఆయన కూతురు ఫోన్ చేస్తేగాని నాకు తెలియలేదు. ఒక వారపత్రికలో వచ్చిన నా కథ కింద నెంబరు చూసి చేసిందట. "కరుణక్కా, నేను నూర్జహాన్ని, ప్రొద్దుటూరు పుస్తకాల ఖాదర్ కూతుర్ని" అంది. నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకి రమ్మంది. నా చేతికే ఇవ్వాల్సిన పుస్తకం ఒకటి తన దగ్గర ఉందని, అది పోయే ముందు వాళ్ళ అబ్బా చెప్పిన మాట అని కూడా అంది. వస్తానన్నాను. కడపలో మా ఇంటి నుంచి ప్రొద్దుటూరు ఎంత దూరమని? కిటికీ పక్కన కూర్చుని ఓ కునుకు తీస్తే ఊరొచ్చేస్తుంది. పెళ్ళిళ్ళకు పోయాను, చావులకు పోయాను, బంగారం అంగళ్ళకు పోయాను. ఖాదర్ మామ వీధిలోకి మాత్రం నలభై ఏళ్ళుగా పోలేదు. రిక్షా అటు తిరగబోతే ఇటు తిప్పమనేదాన్ని.

పోయి చూస్తే వీధి అదే, ఎండ అదే, అంగడి మాత్రం లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. పైన మేడ మీద నూర్జహాన్ కాపురం. నేను ఆఖరుసారి చూసినప్పుడు గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న పిల్ల, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోంది. ఫాతెహా అయ్యాక అందరితో పాటు నాకూ వడ్డించారు. చేతులు కడుక్కున్న తర్వాత ఆమె బీరువా తీసి, ఖాకీ అట్ట వేసిన పుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టింది. అట్ట మీద ఖాదర్ మామ గుండ్రటి చేతిరాతలో '41' అని ఉంది. తెరిచి చూడమంది. ఇంటికి పోయి చూస్తాలే అన్నాను. తిరుగు బస్సులో పుస్తకం మీద రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకున్నాను. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే దాకా కళ్ళూ తెరవలేదు, పుస్తకమూ తెరవలేదు.

ఆ అంగడి అనగానే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. పాత కాగితం వాసన, మైదా జిగురు వాసన, పక్క సందులోని నూనె మిల్లు నుంచి వచ్చే వేడి చెనిక్కాయల వాసన. మూడూ కలిసి ఒక తియ్యటి మత్తు. ఖాదర్ మామ నేల మీద కూర్చుని చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తూ ఉండేవాడు. వచ్చినవాళ్ళ ముఖం చూసేవాడు కాదు, చెప్పులు చూసి మనిషిని పోల్చేవాడు. అద్దెకిచ్చే నవలలు ఒక గోడకు, ఎగిరే వీరుల బొమ్మల పుస్తకాలు ఇంకో గోడకు తీగ మీద వేలాడేవి. ఆ బొమ్మల పుస్తకాలు అప్పటికే పాతవి. ఎవరో ఊరు వదిలిపోతూ మూట కట్టి ఆయనకు అమ్మేసినవి. రంగులు గీతలు దాటి పక్కకు పోయి ఉండేవి, వీరుడి ముక్కు ఎరుపు అతని బుగ్గ మీదికి జారి ఉండేది. అయినా వాటికి ఉన్న గిరాకీ కొత్త నవలలకు ఉండేది కాదు.

ప్రతి పుస్తకం వెనక అట్టకు ఆయన ఒక తెల్లకాగితం అంటించేవాడు. పైన 'అభిప్రాయం' అని రాసి ఉండేది. చదివినవాళ్ళు తమకు ఏమనిపించిందో దాని మీద రాయాలి. కాగితం నిండితే ఇంకోటి అంటించేవాడు. ఆయన షరతు ఒక్కటే, పేరు రాయకూడదు, ఊరు రాయకూడదు. చీటీ మీద ఇచ్చిన నెంబరు వెయ్యాలి, అంతే. కొత్తవాళ్ళకు ఇది తమాషాగా తోచేది. మాకు తోచేది కాదు. మా వైపు పేరు చెబితే కులం తెలిసేది, ఊరు చెబితే వర్గం తెలిసేది, రెండూ చెబితే ఓటు తెలిసేది. జమ్మలమడుగు బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కూడా లెక్కలోకి వచ్చే కాలం. ఒక నవల బాగుందని ఒక వర్గం మనిషి రాశాడని తెలిస్తే, రెండో వర్గం మనిషి దాన్ని ముట్టుకోడు. అందుకని ఖాదర్ మామ అందరినీ నెంబర్లు చేశాడు. ఆ నెంబర్లలో మేమంతా ఎంత స్వేచ్ఛగా తిట్టుకునేవాళ్ళమో చెప్పలేను.

బొమ్మల పుస్తకాలతో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒక వీరుడు భుజాల మీద ఎగరేసే దుప్పటి సరిగ్గా ఒక పార్టీ జెండా రంగులో ఉండేది. ఏ రంగో ఇప్పుడూ చెప్పను, పాత అలవాటు. ఎలక్షన్లు దగ్గరపడే కొద్దీ ఆ పుస్తకాలు కొందరు ముట్టుకోవడం మానేశారు, కొందరు వాటినే పట్టుకుని బజార్లో తిరగడం మొదలుపెట్టారు. ఒకాయన అభిప్రాయం కాగితం మీద, ఈ ఎగిరేవాడు దుప్పటి మారిస్తేనే తాను చదువుతానని రాశాడు. ఖాదర్ మామ రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు అంగట్లోని పుస్తకాలన్నిటికీ ఖాకీ కాగితం అట్టలు వేశాడు. వీరులు, ప్రేమికులు, దొంగలు, దయ్యాలు అందరూ ఒకే రంగులో సర్దుకున్నారు. లోపల దుప్పటి ఏ రంగైతే ఏం, చదివేవాడికీ పుస్తకానికీ మధ్య సంగతి అది అన్నాడు.

నన్ను ఆ అంగడికి తీసుకుపోయింది మా పెద్దమ్మ. మా అమ్మానాన్నలు జమ్మలమడుగులో మిషన్ కాంపౌండులో ఉండేవాళ్ళు, నేను కాలేజీ చదువు కోసం ప్రొద్దుటూరులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో ఆమెను రూతమ్మ టీచరంటారు. పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన తెల్లచీర, నల్లగొడుగు, జాకెట్టుకు గుచ్చిన ఎర్రసిరా పెన్ను. ఆమె నడిచి వస్తుంటే చీర గలగలమనే చప్పుడు ముందొచ్చేది, బడిలో పిల్లలు పుస్తకాలు తెరిచేవాళ్ళు. తెల్లవారి లేవగానే ప్రార్థన, తర్వాత రాగిసంగటికి ఎసరు, బడి నుంచి రాగానే చీరలకు గంజి. అన్నిట్లోకీ గట్టి అలవాటు ఒకటుంది. అడగనిదే ఏదీ చెప్పదు. క్లాసులో పిల్ల లేచి నిలబడి నోరు తెరిచి అడగాలి, అప్పుడే జవాబు. తెలియకపోవడం తప్పు కాదు, అడగకపోవడమే తప్పని ఆమె లెక్క. ఇంట్లోనూ అంతే. ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతికి వెతికి సొమ్మసిల్లినా, అడిగేదాకా చూపించేది కాదు.

ఇంత గట్టి మనిషికి ఎగిరే వీరుల పిచ్చి. ఇది చెబితే ఆమె పాత శిష్యులు ఇప్పటికీ నమ్మరు. ఖాదర్ మామ దగ్గర ఆమె నెంబరు ఆరు. పుస్తకం ముందు పెట్టుకుని, ఎర్రసిరాతో అచ్చుతప్పులు దిద్దుతూ చదివేది. చివర అభిప్రాయం కూడా ఎర్రసిరాతోనే. ఒకచోట, ఈ అబ్బాయి ఊరందరినీ కాపాడుతున్నాడు సరే, ఇంట్లో తల్లికి ఒక పూటైనా నీళ్ళు తోడి పోసినట్టు ఎక్కడా లేదు అని రాసింది. ఇంకోచోట, భవనాలు కూల్చకుండా దొంగను పట్టుకునే దారి ఈయనకు ఎవరైనా నేర్పాలి అని. ఊళ్ళో సగం మంది ఆ ఎర్ర అక్షరాల కోసమే ఆ పుస్తకాలు తీసుకునేవాళ్ళు. పేరు లేకపోయినా ఆరో నెంబరు ఎవరో అందరికీ తెలుసు. ఆమె ఒక్కతికే ఆ ధీమా ఉండేది, ఎందుకంటే ఆమె చేత తొడపాశం తినని ఇల్లు ఏ వర్గంలోనూ లేదు.

నా నెంబరు నలభై ఒకటి. నా పిచ్చి వేరు. పెద్దమ్మ ఇంట్లో నాపరాళ్ళు పరిచిన మధ్యగది ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు వీధి తలుపు వేసి, ఆ రాళ్ళ మీద నీళ్ళు చల్లి, చెంప ఆనించి పడుకునేదాన్ని. పైకప్పులో వదిలిన గూట్లోంచి వెలుతురు ఒక పలకలాగా పడేది, దాంట్లో దుమ్ము తేలుతూ ఉండేది. ఆ వెలుతురు పుస్తకం మీదికి ఎప్పుడు వస్తే అప్పుడు చదవడం, పక్కకు జరిగితే పుస్తకాన్ని కూడా జరపడం. అట్లా చదివిందే నీలం మనిషి పుస్తకం. మూడు భాగాల నవల. మొదటి పేజీలు ఊడిపోయాయి కాబట్టి దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. ఇంకో గ్రహం నుంచి నీలం రంగు మనిషి ఒకడు వస్తాడు, ఒక పల్లెటూరి టీచరమ్మను ప్రేమిస్తాడు. మేమంతా చెప్పుకునే కథ అంతే. అతనికి మన భాష రాదు, ఆమె చెయ్యి తన చేతిలో పెడితే మాత్రం ఆమె తలచుకున్నదంతా తెలిసిపోతుంది. ఈ సంగతి చదివిన రోజు పుస్తకం గుండెల మీద పెట్టుకుని పెన్నా ఇసుకలో అతను నడిచి వస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను. వెలుతురు పలక గోడెక్కి పోయింది, పొయ్యి మీద గంజి పొంగిపోయింది, పెద్దమ్మ వచ్చి నిలబడింది, నాకేమీ తెలియదు.

ఆ పుస్తకం వెనక మా అందరికన్నా ఎక్కువ రాసింది పదిహేడో నెంబరు. పెన్సిలు రాత, కుదురుగా, కొంచెం కుడికి ఒరిగి ఉండేది. నేను నీలం మనిషిని ఆకాశానికి ఎత్తితే, పదిహేడు కింద ఒక వాక్యం రాసి దించేది. నలభై ఒకటి గారూ, అతను ఆమె మనసు తెలుసుకున్నాడు, తన మనసు ఆమెకు తెలియనిచ్చాడా, చూడండి అని. నేను ఉడుక్కుని జవాబు రాసేదాన్ని. వారం తర్వాత పుస్తకం మళ్ళీ తెచ్చుకుంటే దాని కింద ఇంకో పెన్సిలు వాక్యం. రెండో భాగం అయ్యేసరికి ఆ పదిహేడో నెంబరు నాకు ఒక ముఖం, ఒక గొంతు ఉన్న మనిషి అయిపోయాడు. జమ్మలమడుగులో డిగ్రీ చదివే కుర్రాడని, కళ్ళద్దాలు పెట్టుకుంటాడని, తక్కువ మాట్లాడతాడని నాకు నేనే తేల్చుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నీలం మనిషి కన్నా ఆ పెన్సిలు మనిషి మీదే నాకు ధ్యాస ఎక్కువైంది.

మూడో భాగంలో కథ నీలం మనిషి గ్రహానికి పోతుంది. అక్కడా రెండు వర్గాలు, అక్కడా పగలు, కొట్లాటలు. అచ్చం మన జిల్లా. ఆ పగ ఆపడానికి నీలం మనిషి పెద్దలు అతని చెల్లెల్ని పగవాళ్ళ ఇంటి కోడలుగా పంపుతారు. నీలం మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆమెను సాగనంపి, తిరిగి టీచరమ్మ దగ్గరికి వచ్చేస్తాడు. శుభం. అభిప్రాయాల కాగితం నిండా చెల్లెలి త్యాగం గురించి ఒకటే పొగడ్త. నాకు ఒళ్ళు మండిపోయింది. నల్లసిరా నింపుకుని, ఒక్క ఊపున రాశాను. ఆ వాక్యాలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 'ప్రేమ కోసం అంత దూరం ఎగిరి వచ్చినవాడు, సొంత చెల్లెల్ని నీకిది ఇష్టమేనా అని ఒక్క మాట అడగలేదు. పిల్లను ఇచ్చి చేసుకునే రాజీ రాజీ కాదు. రేపు మళ్ళీ పగ లేస్తే ముందు ఆ పిల్ల మీదే పడతారు. నీలం మనిషి నాకు అక్కర్లేదు. 41.' రాసి పుస్తకం ఇచ్చేసి, పెన్సిలు మనిషి దీనికి ఏమంటాడో అని రోజులు లెక్కపెట్టుకున్నాను.

పెన్సిలు వాక్యం రాలేదు. జీపు వచ్చింది. పులివెందుల వైపు పల్లెలో పేరున్న ఒక ఇంటి మనుషులు. అంగడి ముందు దిగి, ఆ పుస్తకం ఖాదర్ మామ ముందు పడేసి, నలభై ఒకటి ఎవరని అడిగారట. జరిగిందేమిటంటే, ఆ ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య రెండు తరాల పగ ఉంది. ఆ నెలలోనే పెద్దమనుషులు గుట్టుగా కూర్చుని రాజీ మాట్లాడుతున్నారు. రాజీ నిలబడాలంటే ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికి ఇవ్వాలని ఒక మాట అనుకున్నారు. గదిలో కూర్చున్న నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తెలియని సంగతి. అట్లాంటిది పుస్తకం వెనక నల్లసిరాతో రాసి, తమ ఇంట్లోకే వచ్చింది. ఎవరో సంగతి బయటపెట్టారని, తమకు హెచ్చరిక పంపారని వాళ్ళు అనుకున్నారు. ఇంకే ఊరివాళ్ళైనా దీన్ని నవల మీద అభిప్రాయం అనుకునేవాళ్ళు. మా వైపు అట్లా అనుకోవడానికి వీల్లేదు.

ఖాదర్ మామ దగ్గర పేర్లున్న రిజిస్టరు ఉంది. జీపు ఆగిన చప్పుడు వినగానే ఆయన దాన్ని కింద వేసుకుని దాని మీద కూర్చున్నాడట. నెంబర్లే గాని పేర్లు లేవన్నాడు. శుక్రవారం మళ్ళీ వస్తామని, ఆలోగా గుర్తు తెచ్చుకోమని వాళ్ళు చెప్పిపోయారు. ఆయన ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, పెద్దమ్మ ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని తాగకుండా ఇదంతా చెప్పాడు. ఆ పుస్తకం వాళ్ళింటి పాప డ్రైవరు చేత తెప్పించుకునేదట, ఆమె నెంబరు పదిహేడట. తలుపు చాటున నిలబడి వింటున్న నాకు జమ్మలమడుగు కుర్రాడు, కళ్ళద్దాలు, అన్నీ ఒక్కసారే మాయమైపోయాయి. వాటి చోట నా వయసు పిల్ల ఒకతి, గడప దాటనివ్వని పెద్ద ఇంట్లో పెన్సిలు పట్టుకుని కూర్చుని కనిపించింది. పెద్దమ్మ నన్ను పిలిచి, రాసిందేమిటో చెప్పమంది. అప్పజెప్పాను. ఆమె విని, సరే అని, చాట తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరడానికి పోయింది. ఇప్పుడు ఏం చేద్దామని నేను అడగలేదు. భయం.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె బడికి సెలవు పెట్టింది. నన్ను ఇంట్లో దాచలేదు. దాచితేనే అనుమానం వస్తుందనుకుందో ఏమో, వెంటబెట్టుకుని అంగడికి పోయి, మూలన కూర్చుని ఏదో ఒకటి చదువుకో, తల ఎత్తకు అంది. జీపు వచ్చింది. దిగిన పెద్దాయన వయసు మళ్ళినవాడు, మెడలో దారం కట్టిన కళ్ళద్దాలు. మిగిలినవాళ్ళు జీపు దగ్గరే ఉన్నారు. వాళ్ళలో ఒకడు తీగ మీది బొమ్మల పుస్తకం లాగి, జీపుకు ఆనుకుని చదవడం మొదలుపెట్టాడు. పెద్దాయన బల్ల మీద కూర్చుని పుస్తకం వెనక కాగితం మీద వేలు పెట్టేలోపే పెద్దమ్మ గొడుగు మడిచి, "రాసింది నేనే" అంది.

ఆయన మెడలోని కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "టీచరమ్మా, పిల్లని ఇచ్చి రాజీ చేసుకుంటాండారని నీకెవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాదప్పా. చివరి భాగం చదువు, నీకే తెలుస్తాది."

"ఎర్రసిరా నీదని ఊరికంతా తెలుసు. ఇది నల్లసిరా."

"ఎర్రసిరా పిల్లకాయల తప్పులకు. ఇది పెద్దోళ్ళ తప్పు. దానికి నల్లసిరానే."

ఖాదర్ మామ జిగురు గిన్నెలో వేళ్ళు పెట్టి అట్లాగే ఉండిపోయాడు. పెద్దమ్మ అంతటితో ఆగలేదు. ఆ పెద్దాయనకు నీలం మనిషి కథ మొదటి నుంచి చెప్పింది. క్లాసులో పాఠం చెప్పినట్టు, తొందర లేకుండా, గ్రహం అంటే ఏమిటో కూడా చెప్పి మరీ చెప్పింది. ఆమె ఆ నవల చదివిందని నాకు అప్పటిదాకా తెలియదు. నూనె మిల్లు వాసన, వీధిలో పడే ఎండ, జీపు దగ్గర నిలబడినవాడు ఎర్ర అక్షరాలు చదివి కిసుక్కున నవ్వడం, మధ్యలో పెద్దమ్మ గొంతు. భయంతో చచ్చిపోతూ కూడా నాకు అదంతా ఒక కలలాగా ఉండింది, ఎవరైనా ముట్టుకుంటే చెదిరిపోతుందేమో అన్నట్టు. కథ అయ్యాక పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"ఇంతకీ ఆ చెల్లెలు ఏమనింది?" అన్నాడు.

"ఏమీ అనలేదు. దాన్ని ఎవురూ అడగలేదు. రాసినాయన కూడా అడగలేదు. నా బాధ అదొక్కటే అప్పా."

ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, ఇది తీసుకుపోతున్నానని ఖాదర్ మామకు చెప్పి జీపెక్కాడు. బొమ్మల పుస్తకం చదువుతున్నవాడు దాన్ని మళ్ళీ తీగ మీద వేలాడదీసి పోయాడు.

ఆదివారం నన్ను జమ్మలమడుగు పంపేశారు. చదువు అక్కడే పూర్తయింది. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, కడప. నేను మళ్ళీ ఏ పుస్తకం మీదా అభిప్రాయం రాయలేదు. కథలు రాశాను గాని, ఎవరి కథ మీదా ఒక్క మాట రాయలేదు, అడిగినా రాయలేదు. పులివెందుల వైపు నుంచి ఏ వార్త వచ్చినా, ఎక్కడ బాంబు పడిందన్నా, ఎవరు పోయారన్నా, ముందు ఆ ఇంటి పేరు ఉందేమోనని వెతికేదాన్ని. రాజీ చెడిందా? చెడితే నా రాత వల్లనే చెడిందా? చెడకపోతే ఆ పిల్లను పంపేశారా? రెండిట్లో ఏది జరిగినా దాంట్లో నా వంతు ఉంది. పెద్దమ్మ రిటైరయ్యాక కడప వచ్చి ఆరేళ్ళు మా ఇంట్లోనే ఉంది. భూతద్దం పెట్టుకుని పాత వీరుల పుస్తకాలు తిరగేసేది. కొన్ని మధ్యాహ్నాలు ఆమె తల ఎత్తి నన్నే చూస్తూ ఉండేది, నేనేదో అడగబోతున్నానని ఎదురుచూస్తున్నట్టు. నేను లేచి టీ పెట్టడానికి పోయేదాన్ని. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఇడుపులపాయలో చదువుకునే మా మనవరాలు సెలవులకు వచ్చి ఉంది. సోఫాలో బోర్లా పడుకుని ఫోన్లో చదువుతోంది. దానికీ వేరే గ్రహాల ప్రేమకథలే ఇష్టం. చదవడం అవగానే చుక్కలు ఇస్తుంది, ఐదుకు రెండో మూడో. కింద నాలుగు మాటలు రాస్తుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళెవరో దాన్ని తిడతారు, ఇది వాళ్ళను తిడుతుంది, భోజనానికి పిలిచేసరికి అందరూ మర్చిపోతారు. ఇప్పుడు ఎవరూ జీపు వేసుకుని రారు. అది మంచిదే. కాకపోతే ఆ మాటను ఇంటికి తీసుకుపోయి ఆలోచించేవాళ్ళూ తక్కువే. నా గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసి, ఖాకీ అట్ట పుస్తకాన్ని వెనక నుంచి తెరిచాను.

నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. నా మాటల కింద, కుడికి ఒరిగిన పెన్సిలు రాత. 'నలభై ఒకటి గారికి. పుస్తకం మూడేళ్ళు ఆలస్యంగా తెచ్చినందుకు మన్నించాలి. ఈ కాగితం మా నాయన కంట పడేట్టు పెట్టింది నేనే. నోటితో చెప్పే ధైర్యం లేక మీ మాటలు చూపించాను. దాని వల్ల మీకు ఏం ఇబ్బంది వస్తుందో ఆలోచించలేదు. నాయన ప్రొద్దుటూరు నుంచి వచ్చి, నీకిది ఇష్టమేనా అని నన్ను అడిగాడు. నా బతుకులో ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. లేదన్నాను. రాజీ నా పెళ్ళి లేకుండానే అయింది. ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. నేను చదువుకుంటున్నాను. అయినా నీలం మనిషి మీద మీకు అంత కోపం అక్కర్లేదు. టీచరమ్మతో అతను బాగానే ఉన్నాడు. 17.'

నా అభిప్రాయం పక్కన, మార్జిన్లో, ఎర్రసిరాతో ఒక టిక్కు ఉంది. పరీక్ష పేపర్ల మీద ఆమె వేసేదే, తోక పొడుగ్గా లాగిన టిక్కు. దాని కింద '6'.

నూర్జహాన్‌కు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళు ఈ పుస్తకం నాకెందుకు ఇవ్వలేదని అడిగాను. "ఆ యమ్మి పుస్తకం తెచ్చిచ్చినాక టీచరమ్మ వచ్చి చూసిందంట అక్కా. కరుణ వచ్చి అడిగితే ఇయ్యి ఖాదరూ, అడగందే ఇయ్యొద్దు అనిందంట. అబ్బా రోజూ చూస్తానే ఉండె, నువ్వు వస్తావేమోనని. పోయే ముందర మాత్రం, అడగకున్నా ఇచ్చేయమన్నాడు" అంది.

ఫోన్ పెట్టేశాను. చెల్లెల్ని ఒక్క మాట అడిగావా అని నీలం మనిషిని నిలదీసింది నేను. జీపులో వచ్చిన ఆ పెద్దాయన ఇంటికి పోయి కూతుర్ని అడిగాడు. నేను మాత్రం అన్నీ తెలిసిన మనిషిని ఆరేళ్ళు ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, మందులిచ్చి, ఒక్క మాట అడగలేదు. ఆమె చూపు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. చప్పుడు విని మా మనవరాలు తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో ఫోన్ అట్లాగే ఉంది.

"ఏంది అవ్వా, ఎందుకు ఏడుస్తాండావు?" అంది.

అడిగింది కాబట్టి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను.